పిచ్చుక గుర్తు

ఫ్యాక్టరీ క్వార్టర్స్,
జూన్ 6

మరదలు మహారాణికి,

కుశల ప్రశ్నలు వేసే ఓపిక ఇవాళ నాకు లేదు. ఒళ్ళు మండిపోతోంది. ఈ కోపం ఎవరో ఒకరి మీద వెళ్ళగక్కాలి. మీ అన్నయ్య స్కూలు బస్సు తీసుకుని తప్పించుకున్నాడు కాబట్టి నువ్వే దొరికావు.

పక్కింటి పెయింట్ మేస్త్రి కారు కొన్నాడు. మన కంపెనీది కాదు, చైనా నుంచి దిగిన కరెంటు కారు. ఇరవై అయిదేళ్ళుగా మన కార్లకు రంగు వేస్తున్న మనిషి! దాన్ని సందు చివర పెట్టి పైన గుడ్డ కప్పాడు. పొద్దున్నే ఆ గుడ్డ తీసే ముందు అటూ ఇటూ చూసుకుంటాడు. నిన్న కిటికీలోంచి అడిగాను, "ఏం మేస్త్రి అన్నయ్యా, లోపల ఎవరైనా నిద్రపోతున్నారా, అంత జాగ్రత్తగా కప్పావు?" అని. పాపం గుడ్డ మడిచి డిక్కీలో పెట్టాడు. తర్వాత, "మన కారు ధరలో సగానికి కాస్త ఎక్కువమ్మా. పిల్ల కాలేజీ దూరం. పెట్రోలు గొడవ లేదు" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. నాకు ఎక్కువ మండింది అందుకే.

ఇంజన్ షాపులో, అదే ఫ్యాక్టరీలో మా విభాగంలో, మూడు షిఫ్టులుండేవి కదా, ఇప్పుడు ఒకటే. స్టాండు మీద ఇంజన్ తిరుగుతుంటే ఇనప కడ్డీ ఒక కొస దానికి ఆనించి, రెండో కొస చెవికి ఆనించి వినడం నా పని. బేరింగ్ గరగర, ట్యాపెట్ టకటక, అన్నీ మిషన్ కంటే ముందు నాకే తెలుస్తాయి. అందుకే కదా షాపంతా నన్ను డాక్టరమ్మ అంటారు. ఒకప్పుడు షిఫ్టుకు నూట ఇరవై ఇంజన్లు వినేదాన్ని. ఇవాళ పందొమ్మిది. మిగతా సమయం కడ్డీ తుడుస్తూ కూర్చున్నాను.

షాపు ఉంటుందా మూస్తారా అన్నది తప్ప ఎవరి నోటా వేరే మాట లేదు. మూస్తే నాకేం మిగులుతుంది? నలభై నాలుగేళ్ళు వచ్చాయి, ఇంజన్ వినడం తప్ప నాకింకేమీ రాదు. కరెంటు కారులో వినడానికేముంది, నా తలకాయ.

మన జనరల్ మేనేజరు, అదే, మనం చిరునవ్వు అని పిలిచేవాడు, అందరినీ పోగేసి మాట్లాడాడు. ఈ దిగుమతి కార్లు మన కడుపు కొడుతున్నాయి, వాటిని ఆపించే పోరాటంలో కంపెనీ మీ వెనకే ఉంటుంది అన్నాడు. కార్మికుల కమిటీలో నన్ను వేశారు. వెయ్యకేం చేస్తారు, అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

అన్నట్టు, రేవులో గోడౌన్ పని అన్నావు. ఏం గోడౌన్? బియ్యమా, సిమెంటా? ఆర్నెల్లయింది, ఒక్క ముక్క సరిగ్గా చెప్పలేదు. వివరంగా రాయి.

నీ వదిన

*

రేవు, కార్ల యార్డు,
జూన్ 21

వదినా,

నువ్వు అడిగిన ముక్క రాయడానికి పదిహేను రోజులు పట్టింది. ఫోన్లో నీ గొంతు వింటే నాకు మాట రాదు, అందుకే నేనూ కాగితం మీదే చెబుతున్నాను.

ఇక్కడ బియ్యం లేదు, సిమెంటు లేదు. కార్ల ఓడలొస్తాయి. వాటిలోంచి కార్లు దించి, యార్డులో పెట్టి, పరీక్ష చేసే పని నాది. అవును, చైనా కార్లే.

ఇది చదివి కాగితం చింపెయ్యకు, కాస్త ఆగు. మన కంపెనీ షోరూంలో ఎనిమిదేళ్ళు మెకానిక్‌గా చేశాను. ఆ షోరూం ఎందుకు మూశారో నీకు తెలుసు. ఆయిల్ మార్పించుకునేవాళ్ళు తగ్గారు, కొనేవాళ్ళు అంతకన్నా తగ్గారు. పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను వదినా. నీకు ఇప్పుడు పట్టుకున్న భయం నాకు రెండేళ్ళ కిందటే పట్టుకుంది. ఎక్కడికి వెళ్ళినా ఇంజన్ పని తెలిసినవాళ్ళు ఎవరికీ అక్కర్లేదన్నారు. ఇక్కడ మాత్రం రమ్మన్నారు.

ఓడ లోపల పదమూడు అంతస్తులుంటాయి. కార్లన్నీ పిడికిలి దూరంలో పక్కపక్కన, చక్రాలకు పట్టీలు కట్టి ఉంటాయి. రంగు గీరుకుంటుందని మమ్మల్ని బెల్టు పెట్టుకోనివ్వరు, గుండీలున్న చొక్కా వేసుకోనివ్వరు. వంద కార్లు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటే చప్పుడే ఉండదు. నేల మీద టైర్ల కిచకిచ తప్ప. మొదటిరోజు నాకు ఏడుపొచ్చింది. ఇన్ని బళ్ళు, వినడానికి ఒక్కటీ లేదు.

నిజం చెప్పనా? కార్లు బాగున్నాయి. తలుపు మూస్తే తెలుస్తుంది పనితనం. మొన్న ఒక కారు సీటు కింద చేతి తొడుగు దొరికింది. అక్కడ బిగించిన ఎవరో మరిచిపోయారు. బొటనవేలు దగ్గర చిరిగి, దారంతో కుట్టుకుని ఉంది, అచ్చం నీ తొడుగుల్లాగే. అక్కడా ఎవరో వదిన ఉందనిపించింది.

అన్నయ్యకు నువ్వే చెప్పు. నా మీద కోపం వస్తే నాకే రాయి, ఆయన మీద చూపించకు.

నీ మరదలు

*

ఫ్యాక్టరీ క్వార్టర్స్,
జూలై 2

అమ్మా తల్లీ,

ఆర్నెల్లు! ఆర్నెల్లు నన్ను వెర్రిదాన్ని చేశావు. నేనిక్కడ ఆ కార్లను తిట్టని రోజు లేదు, నువ్వక్కడ వాటి తలుపులు మూసి పనితనం మెచ్చుకుంటున్నావు.

నా పెళ్ళినాటికి నీకు తొమ్మిదేళ్ళు. నిన్ను నా వెంట షాపుకు తీసుకెళ్ళి, స్టూలు మీద నిలబెట్టి, కడ్డీ నీ చెవి దగ్గర పెట్టింది ఎవరు? "వదినా, ఇంజన్ గుండె కొట్టుకుంటోంది" అని నువ్వంటే షాపంతా నవ్వింది. నిన్ను మెకానిక్‌ని చెయ్యాలని మీ అన్నయ్యతో నెల రోజులు పోట్లాడింది ఎవరు? ఇందుకా? ఓడలోంచి నా ఉద్యోగాన్ని దించి వరసగా పేర్చడానికా?

తొడుగు చూసి కరిగిపోయావు. బాగుంది. ఆవిడెవరో పాపం కుట్టుకుంది. నేనూ కుట్టుకుంటున్నాను. ఆవిడకు పనుంది, నాకు పోతోంది. జాలి పడాలనుకుంటే ఇంటికి దగ్గరలోనే మనుషులున్నారు.

పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నానని రాశావు. ఆ పద్నాలుగు నెలల్లో మా ఇంటికి రమ్మని ఎన్నిసార్లన్నాను? రోషం అడ్డొచ్చింది మహారాణికి.

ఇక్కడి సంగతి విను. ఇంకో నూట నలభై మందిని ఆపేశారు. గేర్ల విభాగం చీకటిగా ఉంటోంది. దిగుమతుల మీద సుంకం పెంచమని ప్రభుత్వానికి అర్జీ తయారైంది. కంపెనీయే రాయించింది, మేమందరం సంతకాలు పెట్టాం. చొక్కా జేబు మీద మన కంపెనీ పిచ్చుక గుర్తు కనిపించేలా నన్ను నిలబెట్టి ఫోటో తీశారు. "ఈ పిచ్చుకను బతికించండి" అని దాని కింద పెద్ద అక్షరాలు. ఊరంతా అంటించారు. చూసి నాకు గర్వంగానే ఉంది, దాచుకోవడం దేనికి.

ఆగస్టు పద్దెనిమిదిన మేం రేవుకు వస్తున్నాం. ఆరు వందల మందిమి. గేటు దగ్గర నిలబడి ఒక్క లారీని బయటికి రానివ్వం. నువ్వు లోపల ఉంటావో బయటికొచ్చి మా పక్కన నిలబడతావో తేల్చుకో.

వదిన

*

రేవు,
ఆగస్టు 9

వదినా,

పద్దెనిమిదిన రావద్దు. ఎందుకని అడక్కు. నేను చెప్పలేను. ఆ పోరాటం ఇంకెక్కడైనా చెయ్యండి, ఇంకో రోజు చెయ్యండి. నువ్వు మాత్రం ఆ గేటు దగ్గరికి రావద్దు. నా మీద ఒట్టు.

మరదలు

*

ఫ్యాక్టరీ క్వార్టర్స్,
ఆగస్టు 19

మరదలికి,

నీ ఒట్టు గట్టు మీద పెట్టి వచ్చాం. బస్సులు కంపెనీయే ఇచ్చింది, మంచినీళ్ళూ కంపెనీవే. నువ్వు బయటికి రాలేదు. నీకోసం చూడలేదని అబద్ధం చెప్పను. అరుస్తున్నంత సేపూ కంచె వైపే చూశాను.

పదిగంటలకు మొదటి లారీ వచ్చింది, చైనా కార్లతో. మేం రోడ్డు మీద కూర్చున్నాం. డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ విసిగి వెనక్కి తిప్పాడు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. జనం ఊగిపోయారు. నాలుగోది వచ్చింది, పైన బూడిదరంగు టార్పాలిన్ కప్పి, తాళ్ళు కట్టి. "దాచి తీసుకెళ్తున్నారు, పగలగొట్టండి!" అని ఎవరో అరిచారు. మనవాళ్ళ చేతుల్లో రాళ్ళున్నాయి. నేనే లారీ ఎక్కాను. ఒక మూల తాడు విప్పి టార్పాలిన్ ఎత్తాను.

లోపల మన పిచ్చుక!

ఎనిమిది కార్లు, ఎనిమిదింటి ముక్కు మీదా మన గుర్తే. నా ప్రాణం ఎలా లేచొచ్చిందో చెప్పలేను. "ఆగండి! రాళ్ళు కింద పడెయ్యండి! ఇవి మనవే!" అని గొంతు చించుకున్నాను. ఎగుమతికి పంపినవి ఓడ దొరక్క తిరిగొస్తున్నాయేమోనన్నాను. డ్రైవరు "నాకేం తెలీదమ్మా" అన్నాడు. కొత్త మోడల్ కాబోలు, ముక్కు నున్నగా ఉంది. నేనే తాడు మళ్ళీ బిగించాను. ఆరు వందల మందీ లేచి దారిచ్చి చప్పట్లు కొట్టారు. కొందరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అలాంటివి మొత్తం పదకొండు లారీలు పోనిచ్చాం. చైనావి ఒక్కటీ కదల్లేదు. ఇవాళ పొద్దున చిరునవ్వు స్వయంగా షాపుకొచ్చి నాకు చెయ్యి కలిపాడు.

రావద్దన్నావే, ఇప్పుడేమంటావు?

వదిన

*

రేవు,
ఆగస్టు 26

వదినా,

ఇది కూర్చుని చదువు. అన్నయ్యను పక్కన ఉంచుకుని చదువు.

నువ్వు దారిచ్చిన ఆ కార్లు మీ ఫ్యాక్టరీలో పుట్టలేదు. పదహారో తారీఖున ఓడలోంచి దిగాయి. చైనాలో తయారై, ముక్కు మీద ఏ గుర్తూ లేకుండా, అక్కడొక తెల్ల టేపు అంటించి వచ్చాయి. వాటిని ఆరో నంబరు షెడ్డులోకి తీసుకెళ్తారు. అక్కడ టేపు పీకి, స్పిరిట్‌తో తుడిచి, అచ్చు పెట్టి కొలిచి, వేడిగాలి కొట్టి, పిచ్చుకను అతికించి ముప్పై లెక్కపెట్టే వరకు నొక్కి పట్టుకోవాలి. లోపల స్టీరింగ్ మీద ఇంకొకటి, వెనక ఇంకొకటి. ఆ షెడ్డులో పనిచేసేది నలుగురం. నాలుగో మనిషిని నేను.

మూడు నెలలుగా ఇదే పని. మీ కంపెనీ ఆ కార్లను టోకున కొంటోంది. సొంతంగా తయారుచేశామని అక్టోబరులో అమ్మకానికి పెడుతుంది. ఓడలో నుంచి వేరే పేరుతో వచ్చే చైనా కార్లను ఆపించాలి, తను తెచ్చుకునేవి మాత్రం విడిభాగాలని లెక్క రాయించి నడిపించుకోవాలి. అందుకే అర్జీ. అందుకే బస్సులు, మంచినీళ్ళు. మిమ్మల్ని పంపింది పోటీవాడి లారీలు ఆపడానికి.

షెడ్డులో చేరేటప్పుడు నోరు విప్పనని సంతకం చేయించుకున్నారు. విప్పితే ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెడతామన్నారు. అందుకే చెప్పలేకపోయాను. మీరు లారీలు పగలగొడతారని, మీ కంపెనీ కార్లు మీరే పగలగొట్టారని మిమ్మల్నే జైల్లో పెడతారని భయపడి రావద్దని రాశాను. మీరు పగలగొట్టలేదు. అంతకంటే ఘోరం జరిగింది.

నేను కంచె దగ్గరే ఉన్నాను. ఆ ఎనిమిదింటి ముక్కు మీద పిచ్చుకను అంటించింది నేనే. నువ్వు తాడు బిగించి, బండిని రెండుసార్లు తట్టి, "క్షేమంగా వెళ్ళిరండి" అన్నావు. నాకు వినిపించింది.

నన్ను ఏమన్నా పడతాను.

మరదలు

*

ఫ్యాక్టరీ క్వార్టర్స్,
సెప్టెంబర్ 3

నీకు,

నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నువ్వు అబద్ధం రాశావనుకున్నాను. రెండోసారి చదువుతుంటే గుర్తొచ్చింది. ఆ కార్లకు వెనక పొగగొట్టం లేదు.

పందొమ్మిదేళ్ళు ఇంజన్లతో బతికినదాన్ని. లారీ ఎక్కి, ఎనిమిది కార్లను చేతికందే దూరంలో చూసి, గుర్తు చూశాను గానీ తోక చూడలేదు. ఇంజన్ గాలి పీల్చే జాలీ లేదు ముక్కుకి, నున్నగా ఉందని మురిసిపోయాను. చిన్నపిల్లకు కూడా తెలిసేది. జేబు మీది గుర్తు కనబడగానే నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

ఆ పని తర్వాత. ముందు నిన్ను. మూడు నెలలు! జూన్‌లో "నిజం చెప్పనా" అని రాశావే, ఆ రోజు కూడా షెడ్డులో పిచ్చుకలు అంటిస్తూనే ఉన్నావు కదూ? తొడుగు సంగతి రాయడానికి అర పేజీ దొరికింది, దీనికి ఒక్క లైను దొరకలేదు. కంచె వెనక నిలబడి చూశావు. ఒక్క కేక వెయ్యలేకపోయావు. "వదినా, దిగు" అంటే చాలు, దిగేదాన్ని.

ఇప్పుడు నన్ను కూడా నీలాంటిదాన్నే చేశావు. కమిటీకి చెప్తే ఎవరు చెప్పారని అడుగుతారు. నీ పేరు బయటపడుతుంది. చెప్పకపోతే రోజూ నా పక్కన భోంచేసే ఆడవాళ్ళ ముఖాలు ఎలా చూడాలి? నిన్న ఒకామె, "డాక్టరమ్మా, నీ వల్లే మన షాపు నిలబడుతుంది" అంది. క్యారేజీ మూసి లేచాను.

మీ అన్నయ్య చదివి, మడిచి, బీరువాలో పెట్టాడు. "చెల్లెలి ఉద్యోగమా, మీ షాపా, నువ్వే తేల్చు. నేను నోరెత్తను" అన్నాడు. ఆయన నోరెత్తింది ఎప్పుడు గనక.

వదిన

*

రేవు,
సెప్టెంబర్ 15

వదినా,

ఉత్తరం కమిటీకి చూపించు. నా ఉద్యోగం గురించి ఆలోచించకు.

నిన్న షెడ్డుకు సూటువాళ్ళు వచ్చారు. గుర్తు పావు అంగుళం వంకరగా ఉందని నన్ను అందరి ముందూ తిట్టారు. "ఇది మన దేశం పరువమ్మా, జాగ్రత్తగా అంటించు" అన్నాడొకడు. నవ్వులాటకు కాదు గానీ, చేతిలో వేడిగాలి గన్ను ఉంది, వాడి మీసం దగ్గర పెట్టాలనిపించింది. కారు బాగుందని చెప్పానని నువ్వు కోప్పడ్డావు. కారు నిజంగానే బాగుంది. దాని అసలు పేరుతోనే అమ్మితే నాకు పేచీ లేదు. అక్కడెవరో చేసిన పనిని దొంగిలించి, ఇక్కడ నీ పని పీకేసి, రెండిటి మీదా ఒకటే పిచ్చుకను అంటిస్తున్నారు. ఆ అంటించే చెయ్యి నాది. నాకు నా చెయ్యి చూస్తే అసహ్యం వేస్తోంది.

చూపించు వదినా.

మరదలు

*

ఫ్యాక్టరీ క్వార్టర్స్,
అక్టోబర్ 9

మరదలికి,

చూపించలేదు. నీ మీద ప్రేమ పొంగి కాదు. ఉత్తరం చూపిస్తే, ఎవరో పిల్ల కట్టుకథ రాసిందని చిరునవ్వు నవ్వుతూ కొట్టిపారేస్తాడు. నీ ఉద్యోగం పోతుంది, నిజం నిలబడదు. నాకు నిజం నిలబడాలి.

మొన్న ఏడున ఫ్యాక్టరీ మైదానంలో కొత్త కారు విడుదల పండగలా జరిపారు. పన్నెండు వందల మందిని నిలబెట్టారు. పత్రికలవాళ్ళు, కెమెరాలు. వేదిక మీదికి నీలం రంగు కారు మెత్తగా ఎక్కింది. "మన చేతులతో చేసిన మన తొలి కరెంటు కారు!" అన్నాడు చిరునవ్వు. చప్పట్లు మోగాయి. "ఈ పిచ్చుకను బతికించిన మన డాక్టరమ్మ రెండు మాటలు మాట్లాడుతుంది" అని మైకు నా చేతికిచ్చాడు. వాడు చేసిన తప్పు అదొక్కటే.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. "నాకొక చిన్న సందేహం. ఈ కారులో ఒక్క బోల్టు బిగించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి" అన్నాను.

అందరూ నవ్వుతూ పక్కవాళ్ళను చూశారు. బాడీ షాపువాళ్ళు అసెంబ్లీ వాళ్ళ వైపు చూశారు. అసెంబ్లీ వాళ్ళు సీట్ల విభాగం వైపు చూశారు. "సిగ్గుపడకండి. ఒక తలుపు? ఒక అద్దం? ఒక చక్రం?" అన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పుడు మన పెయింట్ మేస్త్రి ముందుకొచ్చాడు. కారు చుట్టూ తిరిగి, వేలితో రాసి, "ఈ నీలం మా షాపులో లేదు" అన్నాడు. అంతే. మైదానం లేచింది. కెమెరాలన్నీ చిరునవ్వు ముఖం మీదికి తిరిగాయి. ఆ ముఖం మీద నవ్వు లేకుండా చూడటం నాకదే మొదలు. నీకు చూపించాలనిపించింది, దాచను.

సాయంత్రం ఆఫీసుకు పిలిచారు. "ఎవరు చెప్పారు?" అన్నారు. "లేని పొగగొట్టం చెప్పింది" అన్నాను. పేరు చెప్తే ఉద్యోగం ఉంటుంది, కావాలంటే పెద్ద కుర్చీ కూడా ఇస్తామన్నారు. చెప్పకపోతే రేపటి నుంచి రావద్దన్నారు. ఆ కుర్చీ మీరే వేసుకుని కూర్చోండన్నాను. కడ్డీ కంపెనీదని లాక్కున్నారు. పందొమ్మిదేళ్ళు నా చెమట తాగిన కడ్డీ అది. గేటు దాటేదాకా ఏడవలేదు.

వాళ్ళకు నీ పేరు తెలీదు. తెలియనివ్వకు. నువ్వు నోరు మూసుకుని పనిచేసుకో. ఇంట్లో ఇద్దరికి పని పోకూడదు. నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు.

వదిన

*

రేవు,
అక్టోబర్ 10

వదినా,

నీ దగ్గర్నుంచి నెల్లాళ్ళుగా ఉత్తరం లేదు. కానీ మైదానంలో ఏం జరిగిందో ఇక్కడ అందరికీ తెలిసింది. నిన్న సూటువాళ్ళు షెడ్డులో మా నలుగురినీ వరసగా నిలబెట్టారు. నేను చేరినప్పుడు ఇచ్చిన కాగితం తీశారు. ఆపద వస్తే ఎవరికి చెప్పాలన్న చోట నీ పేరు, నీ చిరునామా రాసి ఉంది. "ఈవిడేగా ఆవిడ?" అన్నారు.

నేను ఒప్పుకోకముందే ఒకమాట చెప్పారు. సంగతి చెప్పింది నేనేనని రాసిచ్చేస్తే, మీ వదిన మీద చర్య ఉండదు, ఆవిడను మళ్ళీ తీసుకుంటారు అని. నేను రెండో ఆలోచన చెయ్యలేదు. నేనే చెప్పానని, ఆమె తప్పేం లేదని రాసి సంతకం పెట్టాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని నన్ను పొమ్మన్నారు. "మరి మా వదిన ఉద్యోగం?" అని అడిగాను. "అది ఫ్యాక్టరీ వాళ్ళ విషయం, మాకేం సంబంధం?" అన్నాడు వాళ్ళలో ఒకడు. నిన్ను మళ్ళీ తీసుకుంటారన్నదీ వాడే వదినా. అదే నోటితో. కొట్టబోయాను, పక్కవాళ్ళు పట్టుకున్నారు.

కేసు కూడా పెడతారట. పెట్టుకోనీ.

నీ ఉద్యోగం నిలబడిందో లేదో రాయి. నిలబడితే నాకదే చాలు. నేను ఇక్కడ గది ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి వెళ్ళాలో ఇంకా అనుకోలేదు.

మరదలు

*

ఫ్యాక్టరీ గేటు ముందు, పందిరి కింద,
అక్టోబర్ 15

బుద్ధి లేనిదానా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడ్డాయి. నీ పేరు చెప్పనని ఉద్యోగం వదులుకుని వచ్చాను. నువ్వు నా ఉద్యోగం కోసం నీ పేరు రాసిచ్చి వచ్చావు. చెప్పాల్సిన మూడు నెలలూ నోరు కుట్టుకుని, నోరు మూసుకోవాల్సిన ఒక్క రోజు విప్పావు. నీలాంటిదాన్ని కన్న తల్లికి, పెంచిన నాకు, ఇద్దరికీ దండం పెట్టాలి.

నా ఉద్యోగం నిలబడలేదు. నాదే కాదు, ఎవరిదీ నిలబడలేదు. పన్నెండో తారీఖున ఇంజన్ షాపు శాశ్వతంగా మూస్తున్నట్టు గేటుకు కాగితం అంటించారు. విదేశీ పోటీ తట్టుకోలేకేనట! ఇంకా అదే మాట! చదివి మేమందరం గేటు ముందే కూర్చున్నాం. నాలుగు రోజులైంది. పెయింట్ మేస్త్రి ఆ గుడ్డ తీసేసి కారు ఇక్కడికే తెచ్చాడు. మా మైకుకు కరెంటు దాంట్లోంచే వస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా అనలేదు. ఆ కారు మీద నాకిప్పుడు కోపం లేదు. ఉన్న కోపమంతా పెట్టుకోవడానికి మనుషులు దొరికారు.

కంపెనీ పత్రికల్లో వేయించింది. మైదానంలో జరిగింది పుకారట, కారు చాలా భాగం ఇక్కడే తయారైందట. చూసినవాళ్ళెవరైనా ఉంటే ముందుకు రావాలట. షెడ్డులో చేతులతో చేసినవాళ్ళు రారని వాళ్ళ ధీమా.

నువ్వు రావాలి. గది ఖాళీ చేసి ఎక్కడికెళ్ళాలో తెలీదని రాశావు, ఆ ముక్క చదివి మీ అన్నయ్య మొట్టమొదటిసారి ఈ ఇంట్లో గొంతెత్తాడు. "దానికి ఇల్లు లేదా?" అని నామీద అరిచాడు, నేనేదో గెంటేసినట్టు. శనివారం బస్సు తీసుకుని రేవుకు ఆయనే వస్తున్నాడు. సామాను సర్దుకుని సిద్ధంగా ఉండు.

ఆదివారం పొద్దున పత్రికలవాళ్ళు వస్తారు. మైకు నీకిస్తాం. ఆరో నంబరు షెడ్డులో ఏం చేశావో, ఎన్నాళ్ళు చేశావో, ఎందుకు నోరు విప్పలేదో, అన్నీ నువ్వే చెప్పాలి. ఆగస్టు పద్దెనిమిదిన రోడ్డు మీద కూర్చున్న ఆరు వందల మందీ ఎదురుగా ఉంటారు. నువ్వు అంటించిన గుర్తుకు చప్పట్లు కొట్టిన మనుషులు వాళ్ళు. ఊరుకోరు. కొందరు ఏడుస్తారు, కొందరు నిన్ను నానా మాటలూ అనబోతారు. భయపడకు. చెప్పడం ఆపకు. నేను నీ పక్కనే నిలబడి ఉంటాను. నిన్ను ఎవడైనా ఒక్క మాట అంటే వాడి సంగతి చూస్తాను. నిన్ను తిట్టే హక్కు ఈ లోకంలో నా ఒక్కదానికే ఉంది.

నీ వదిన